సాఫ్ట్ స్కిల్స్ రిపోర్టు: కొలబద్ద ఎవరి చేతిలో ఉంది?

మొన్న మా పల్లె కుర్రాడొకడు పొద్దుగూకే వేళకు ఇంటికొచ్చాడు. పదో తరగతి దాకా నా దగ్గరే చదివాడు. పాలిటెక్నిక్ అయింది, ఆపైన బీటెక్ అయింది. తండ్రి బేల్దారి పనికి, తల్లి నాట్లకు పోతే వచ్చిన చదువు అది. చేతిలో నాలుగు పేజీల కాగితాలున్నాయి. వాటి నిండా రంగురంగుల గీతలు, చక్రాలు, పక్కన అంకెలు. "మాస్టారూ, రాతపరీక్ష పాసయ్యాను. కంప్యూటర్ పరీక్షలో మా బ్యాచి మొత్తంమీద మూడోవాణ్ణి. ఆ తర్వాత ఇంకో పరీక్ష పెట్టి, ఇదిచ్చి పంపేశారు. ఏం రాశారో చదివి చెప్పండి" అన్నాడు.

చదివాను. ఆత్మవిశ్వాసం తక్కువ. చొరవ తక్కువ. నలుగురిలో కలివిడితనం తక్కువ. మాట్లాడే తీరు మెరుగుపడాలి. సంస్థ సంస్కృతిలో ఇమిడే అవకాశం మధ్యస్థానికి కింద. చివరి పేజీలో చిన్న అక్షరాలతో, ఈ నివేదిక అభ్యర్థి అభివృద్ధి కోసం అని ఉంది. ఉద్యోగమివ్వని కంపెనీకి వీడి అభివృద్ధితో ఏం పనో నాకైతే బోధపడలేదు.

కాసేపాగి వాడే అడిగాడు. "నాకు ఆత్మవిశ్వాసం లేదని నలభై నిమిషాల్లో వాళ్లకెట్టా తెలిసింది మాస్టారూ?"

ఈసారి సంపాదకీయం ఆ ప్రశ్న గురించే. ఇది బీటెక్ పిల్లల గొడవ, మనకెందుకులే అని పక్కన పెట్టకండి. షాపింగ్ మాల్లో బట్టలు చూపించే ఉద్యోగానికి, కాల్ సెంటర్‌కి, ఆస్పత్రి కౌంటర్‌కి, హోటల్ రిసెప్షన్‌కి ఇవ్వాళ ఏదో ఒక రూపంలో ఈ పరీక్ష పెడుతున్నారు. పల్లెటూరి యువతకు ఉపాధి శిక్షణ పేరుతో 2014లో మొదలైన దీన్‌దయాళ్ గ్రామీణ కౌశల్య యోజనలో కూడా సాఫ్ట్ స్కిల్స్ ఒక పాఠం. ఆ పథకం నిధుల్లో సగం షెడ్యూల్డ్ కులాలు, తెగల కోసమని రాసుకున్నారు. కాబట్టి ఈ కాగితం రేపు మీ ఇంటికీ వస్తుంది.

సాఫ్ట్ స్కిల్స్ అన్న మాట పుట్టింది అమెరికా సైన్యంలో. 1960ల చివర్లో అక్కడ శిక్షణ అధికారులు ట్యాంకు, తుపాకి లాంటి యంత్రాలతో చేసే పనిని ఒక వైపు, మనుషులతో, కాగితాలతో నెట్టుకొచ్చే పనిని ఇంకో వైపు పెట్టి, ఆ రెండోదానికి ఈ పేరు పెట్టారు. ఇప్పుడు దాని అర్థం నలుగురితో మాట్లాడటం, కలిసి పనిచేయడం, కోపం అణుచుకోవడం, బాధ్యత నెత్తినేసుకోవడం. మంచివే. వీటిలో చెడ్డదొక్కటీ లేదు. అసలు మన ఆడవాళ్ల నాట్ల ముఠాని చూడండి. ముఠా మేస్త్రమ్మ పాతికమందిని పొద్దున్నే లేపి పోగుచేస్తుంది, ఎకరానికింత అని కామందుతో గుత్త మాట్లాడుతుంది, పసిబిడ్డ తల్లికి గట్టు పక్క వరస ఇస్తుంది, సాయంత్రం పైసా తేడా రాకుండా పంచుతుంది. డప్పు మీద ఒక్క దరువుతో ఊరి నాలుగు దిక్కులకూ కబురు చేర్చిన కులం మనది. 1994లో ఈదుమూడిలో పుట్టిన దండోరా జిల్లాలు దాటింది ఏ కమ్యూనికేషన్ కోర్సు చదివి? ఈ సత్తా అంతా ఉంది. ఆ కాగితంలో దీనికి గడి మాత్రం లేదు.

పరీక్ష ఎట్టా ఉంటుందో చెబుతాను. తెరమీద వాక్యాలొస్తాయి. కొత్తవాళ్లతో తేలిగ్గా మాట కలుపుతాను. పైఅధికారి తప్పు చేస్తే మొహం మీదే చెబుతాను. పదిమందిలో అందరి చూపూ నామీదుంటే నాకిష్టం. ఇలాంటివి. ఒక్కోదానికి ఒప్పుకుంటాను, ఒప్పుకోను అని నొక్కాలి. తర్వాత ఇంగ్లీషులో ఒక పేరా చదివించి గొంతు రికార్డు చేస్తారు. ఇదంతా కలిపి, మనిషి స్వభావాన్ని ఐదు గుణాలుగా విడగొట్టి మార్కులేస్తారు.

పైఅధికారి తప్పు చేస్తే అన్న వాక్యం దగ్గర మావాడు 'ఒప్పుకోను' నొక్కాడట. ఎందుకు నొక్కావురా అన్నాను. "నిజం చెప్పమన్నారు గదా" అన్నాడు. వీడి తాత కామందుల బజారులో చెప్పులు చేతపట్టుకుని నడిచిన మనిషి. వీడి తండ్రి, మూడు వారాల కూలి బకాయి పెట్టిన మేస్త్రిని నలుగురిలో నిలదీసినందుకు ఆ సీజనంతా పని దొరక్క ఇంట్లో కూర్చున్నాడు. నోరు తెరిస్తే ఏమవుతుందో ఎరిగిన ఇంట్లో పుట్టిన పిల్లాడు నోరు అదుపులో పెట్టుకోవడం నేర్చాడు. బతకడానికి నేర్చుకున్న తెలివి అది. రిపోర్టు దానికి చొరవ లోపమని పేరు పెట్టింది.

మనవాళ్లు చొరవ చూపిన రోజులేవో గుర్తు చేసుకుందాం. 1985 జులైలో కారంచేడులో, తాగే నీళ్ల చెరువులో గేదెల కుడితి నీళ్లు కలుపుతుంటే మాదిగ కుర్రాడొకడు ఇదేమిటని అడిగాడు. వాణ్ణి కొట్టబోతే నీళ్లకొచ్చిన సువార్తమ్మ బిందె ఎత్తి అడ్డం నిలబడింది. మర్నాడు పల్లె మీద పడి ఆరుగురిని చంపారు, ఆడపిల్లలను చెరిచారు. 1991లో చుండూరు. సినిమా హాల్లో చదువుకున్న దళిత యువకుడి కాలు తగలడం సాకు. ఆగస్టు 6న ఎనిమిదిమందిని నరికి గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ఊళ్లో తలెత్తితే తలబిరుసన్నారు. తల దించుకుని పట్నం పోతే ఆత్మవిశ్వాసం లేదంటున్నారు.

కొలబద్ద కొత్తది కావచ్చు. కొలిచే చెయ్యి పాతదే. 1950లో ఐ.ఏ.ఎస్. పరీక్ష రాసిన అచ్యుతానంద దాస్ సంగతి మన ఉద్యోగ సంఘాలవాళ్లు తరచూ చెబుతారు. బెంగాల్ నుంచి వచ్చిన ఆయన ఐ.ఏ.ఎస్.లో చేరిన మొదటి షెడ్యూల్డ్ కులం మనిషి. రాతపరీక్షలో ఆయనకంటే వెనకబడిన మద్రాసు అభ్యర్థికి ఇంటర్వ్యూలో 300కి 260 మార్కులొచ్చాయి. దాస్‌కి వేసినవి 110. కాగితం మీద ముందున్న మనిషి, బల్లముందు కూర్చోగానే వెనకబడిపోయాడు. ఆ ఇంటర్వ్యూను ఇప్పటికీ వ్యక్తిత్వ పరీక్ష అనే అంటారు. మొత్తం 2025 మార్కుల్లో దానికి 275.

1980 నవంబరులో సుప్రీంకోర్టు అజయ్ హాసియా కేసులో ఒక తీర్పిచ్చింది. శ్రీనగర్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీలో రాతకు 100, మౌఖికానికి 50 పెట్టి పిల్లల్ని చేర్చుకున్నారు. ఒక్కో పిల్లాడితో మాట్లాడింది రెండు మూడు నిమిషాలు. అడిగింది మీ నాన్నెవరు, మీదే ఊరు. ఇంటర్వ్యూకు మూడో వంతు మార్కులు పెట్టడం అన్యాయమనీ, 15 శాతం దాటకూడదనీ కోర్టు చెప్పింది. ఇంటర్వ్యూలను టేపు రికార్డు చేస్తే మంచిదని కూడా చెప్పింది. నలభై ఏళ్లు దాటింది, ఎన్నిచోట్ల చేశారో మీకే తెలుసు. నా బీఈడీ వైవాలో కూడా మొదటి ప్రశ్న పాఠం గురించి కాదు, మా నాన్న ఏం చేస్తాడని. పశువులు కాస్తాడని చెప్పాను. ఆ తర్వాత ఆయన నా మొహం చూడలేదు.

మనవాళ్లు, మనతోపాటు ఇంకా ఎందరో పోట్లాడగా పోట్లాడగా సర్కారు కొంత తగ్గింది. 2016 జనవరి నుంచి కేంద్రంలో గ్రూప్ సి ఉద్యోగాలకూ, గెజిటెడ్ కాని గ్రూప్ బి ఉద్యోగాలకూ ఇంటర్వ్యూ తీసేశారు. తెలంగాణలో 2022లో గ్రూప్-1కి కూడా తీసేశారు. తీరా మన పిల్లలు డిగ్రీలు పట్టుకుని బయటికొచ్చేసరికి సర్కారు కొలువులు అరకొర, ఉన్నవన్నీ ప్రైవేటు. అక్కడ రిజర్వేషన్ లేదు. ముందు గుమ్మంలోంచి పోయిన వైవా, దొడ్డిదారిన రిపోర్టు రూపంలో ఆ కంపెనీల్లోకొచ్చి కూర్చుంది.

ప్రైవేటు కంపెనీలకు కులం తెలీదు, ప్రతిభే చూస్తారు అనేవాళ్లకు ఒక లెక్క చెప్పాలి. సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ అనే ఇద్దరు పరిశోధకులు పేపర్లలో పడ్డ ఉద్యోగ ప్రకటనలకు ఒకే చదువు, ఒకే అనుభవం రాసి, పేర్లు మాత్రం మార్చి దరఖాస్తులు పంపారు. ఒకటి అగ్రకుల హిందువు పేరు, ఒకటి దళితుడి పేరు, ఒకటి ముస్లిం పేరు. 2007లో ఫలితం అచ్చయింది. అగ్రకులం పేరుకు పిలుపొచ్చే అవకాశం మూడు పాళ్లనుకుంటే దళితుడి పేరుకు సుమారు రెండు పాళ్లు, ముస్లిం పేరుకు ఒక్క పాలు. ఆ ఏడే అచ్చయిన ఇంకో అధ్యయనం కోసం సురీందర్ జోధ్కా, కాథరిన్ న్యూమన్ ఢిల్లీ చుట్టుపక్కల పెద్ద కంపెనీల నియామక అధికారులను కలిసి మాట్లాడారు. అందరూ ప్రతిభే ముఖ్యమన్నారు. ఆ నోటితోనే, అభ్యర్థి కుటుంబ నేపథ్యం తప్పకుండా అడుగుతామన్నారు. మంచి కుటుంబంలోంచి వస్తే మంచి నడవడిక ఉంటుందట.

సరే, మనిషి ఎదురుగా కూర్చుంటే కులం చూస్తాడు, కంప్యూటర్‌కి కులమేం తెలుసు అని మన కార్యకర్తే ఒకాయన నాతో వాదించాడు. అందులో కొంత నిజముంది, కాదనను. తండ్రి పేరు అడగని యంత్రం, తండ్రి పేరు అడిగే మేనేజరు కన్నా ఒక మెట్టు నయం. కానీ ఆ యంత్రానికి తప్పొప్పులు నేర్పిందెవరు? అమెజాన్ కంపెనీ దరఖాస్తులు వడగట్టడానికి ఒక కంప్యూటర్ పద్ధతి తయారుచేసుకుంది. అంతకుముందు పదేళ్లలో వచ్చిన దరఖాస్తులు చూపించి దానికి నేర్పారు. వాటిలో ఎక్కువ మగవాళ్లవి. దాంతో ఆ యంత్రం మహిళల అనే మాట కనపడ్డ దరఖాస్తులకు మార్కులు తగ్గించడం మొదలెట్టింది. చివరికి దాన్ని మూలన పడేశారు, 2018లో ఈ సంగతి బయటికొచ్చింది. పాత పద్దు చూసి నేర్చుకున్న యంత్రం పాత పద్దే రాస్తుంది. మావాడి గొంతు రికార్డు చేసి మెరుగుపడాలి అన్న యంత్రం ఏ పట్నపు కాన్వెంటు ఉచ్చారణ విని నేర్చుకుందో మనకు చెప్పరు.

ఇంతకీ ఆ శాస్త్రం ఏం చెబుతోందో కూడా కాస్త చదివాను. చదవకుండా తిట్టడం మన పత్రిక పద్ధతి కాదు. ఈ ఐదు గుణాల లెక్క మీద 1991లో బారిక్, మౌంట్ అనే పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను పోగుచేసి చూశారు. అన్ని రకాల ఉద్యోగాల్లోనూ పనితీరుతో సంబంధం ఉన్నట్టు తేలింది ఒక్క గుణమే. చేసే పని శ్రద్ధగా, ఒక వరసలో చేయడం. కలివిడితనం లెక్కకొచ్చింది అమ్మకాల ఉద్యోగాలకూ, మేనేజర్లకూ. మావాడు పోయింది ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే ఉద్యోగానికి! శ్రద్ధ గడిలో వాడికి పదికి ఎనిమిది వచ్చాయి. ఆ గడి ఎవరూ చూడలేదు. 2019లో ఇంకో పరిశోధన వచ్చింది. 23 పేద, మధ్యాదాయ దేశాల్లో జనాన్ని అడిగి సేకరించిన సమాధానాలను పరిశీలిస్తే, ఈ ప్రశ్నలు చాలాచోట్ల తాము కొలుస్తున్నామనుకున్న గుణాలను సరిగా కొలవడం లేదని తేలింది. చదువుకున్న అమెరికా, యూరపు మనుషుల కొలతలకు కుట్టిన చొక్కా ఇది. మనకు పట్టకపోతే తప్పు మన ఒంటిదా?

ఇక్కడ అమెరికా నల్లవాళ్ల కేసొకటి ప్రతి కార్యకర్తా తెలుసుకోవాలి. నార్త్ కరోలినాలో డ్యూక్ పవర్ అనే కరెంటు కంపెనీ ఉండేది. అక్కడ నల్లవాళ్లకు ఊడ్చే, మోసే కూలి విభాగం ఒక్కటే. అందులో పెద్ద జీతం కూడా మిగతా విభాగాల్లో చిన్న జీతం కన్నా తక్కువ. ఉద్యోగాల్లో వివక్ష కూడదన్న పౌరహక్కుల చట్టం 1965 జులై 2న అమల్లోకొచ్చింది. సరిగ్గా ఆ రోజునే ఆ కంపెనీ తెలివితేటల పరీక్షలు పెట్టింది. నల్లవాళ్లు రాకూడదని ఎక్కడా రాయలేదు, పరీక్ష పాసవాలి అని మాత్రమే రాసింది. హైస్కూలు చదువు కూడా లేకుండా ముందే చేరిన తెల్లవాళ్లు అవే ఉద్యోగాలు హాయిగా చేసుకుంటున్నారు. విల్లీ గ్రిగ్స్, మరో పన్నెండుగురు కార్మికులు కోర్టుకెక్కారు. 1971లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది: నీ మనసులో దురుద్దేశం ఉందా లేదా అన్నది ప్రశ్న కాదు, ఆ పరీక్షకు ఆ పనితో సంబంధముందని నువ్వు చూపించు. చూపించలేకపోతే, ఒక జాతిని బయట నిలబెట్టే పరీక్ష చెల్లదు. మనకు ప్రైవేటు ఉద్యోగాల్లో కులవివక్ష మీద అలాంటి చట్టం లేదు. ప్రైవేటులో రిజర్వేషన్ అడిగేటప్పుడు దాన్ని కూడా కలిపి అడగాలి.

ఉద్యోగం వచ్చాక కథ ఇంకోటి. అక్కడ ఈ రిపోర్టును ఉద్యోగి ఎదుగుదల కోసం అంటారు. సర్కారు ఉద్యోగుల్లో మన పెద్దవాళ్లను సి.ఆర్. అంటే ఏమిటని అడగండి. కాన్ఫిడెన్షియల్ రిపోర్టు. పైవాడు కిందివాడి గురించి ఏడాదికోసారి మూసిన కవర్లో రాసేది. పదేళ్లు ఒళ్లొంచి చేసి ప్రమోషన్ దగ్గరికొచ్చేసరికి ఆ కవర్లోంచి 'ఫర్వాలేదు' అన్న ముక్క బయటపడేది. రాసినవాడు అప్పటికే రిటైరై ఉండేవాడు. ఎంతమంది దళిత ఉద్యోగుల ప్రమోషన్లు ఆ కవర్లలో సమాధి అయ్యాయో లెక్క తీసినవాళ్లు లేరు. సరిహద్దు రోడ్ల శాఖలో దేవ్ దత్ అనే ఇంజనీరుకు ఇట్టాగే జరిగింది. 'గుడ్' అని రాశారు, ప్రమోషన్‌కి కావలసింది 'వెరీ గుడ్', ఆ సంగతి ఆయనకు చెప్పనే లేదు. ఆయన కోర్టుకు పోతే 2008లో సుప్రీంకోర్టు, మంచైనా చెడైనా ప్రతి ముక్కా ఉద్యోగికి చూపించాలి, దాని మీద చెప్పుకునే అవకాశమివ్వాలి అని తేల్చింది. సర్కారు ఉద్యోగి అంత దూరం నడిచొచ్చాడు. కంపెనీ ఉద్యోగి ఇంకా ఆ మూసిన కవరు దగ్గరే ఉన్నాడు.

కాబట్టి రిపోర్టులు తగలబెట్టండని మేం రాయడం లేదు. చూపించమంటున్నాం. ఏ ఉద్యోగానికి ఏ గుణం ఎందుకు కావాలో పరీక్షకు ముందే రాసి పెట్టమంటున్నాం. ఇంటర్వ్యూ అయితే అందరినీ ఒకే ప్రశ్నలు, ముందే రాసుకున్న మార్కుల పద్ధతిలో అడగమంటున్నాం. నోటికొచ్చింది అడిగే ఇంటర్వ్యూ కన్నా అదే పనిమంతుణ్ణి బాగా పట్టిస్తుందని నియామకాల మీద పరిశోధన చేసినవాళ్లే చెబుతున్నారు. పరీక్ష తెలుగులో రాసే వీలుండాలి, ఇంగ్లీషు అవసరమైన పని అయితే ఇంగ్లీషును విడిగా కొలవాలి. ఇంగ్లీషు రానితనాన్ని ఆత్మవిశ్వాసం లేకపోవడం కింద రాయకూడదు. ఉద్యోగంలో చేరినవాడికి మాట్లాడే తీరు మెరుగుపడాలి అని రాసిన కంపెనీ, దానికి ఆర్నెల్లలో ఏ శిక్షణ ఇచ్చిందో పక్కనే రాయాలి. శిక్షణ ఇవ్వకుండా మరుసటేడు అదే కాగితం చూపించి ఇంటికి పంపితే దాన్ని అభివృద్ధి అనరు.

అడగడానికి ఉన్న దారులు తక్కువే, అయినా వాడుకోవాలి. సర్కారు పరీక్షయితే దిద్దిన జవాబు పత్రం చూసే హక్కు మనకుందని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది, సమాచార హక్కు చట్టం కింద అడగండి. సర్కారు డబ్బుతో నడిచే శిక్షణా కేంద్రమైతే ఆ శాఖను అడగండి. ప్రైవేటు కంపెనీల విషయంలో, మన గురించి వాళ్ల దగ్గరున్న సమాచారం అడిగే హక్కును 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం రాసింది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, అమలు విడతలవారీగా. ఈలోపు ఉత్తరం రాసి అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మనవైపు లోటు కూడా రాయాలి. పాతికేళ్లుగా బడిలో ఉన్నవాణ్ణి, నోరు మూసుకో అన్న మాట నేనెన్నిసార్లు అన్నానో లెక్కలేదు. మన హాస్టళ్లలో పిల్లాడు కూరలో పురుగుందని చెబితే వార్డెను వాణ్ణే ఎండలో నిలబెడతాడు. ఆ వార్డెను మనవాడే అయివుండొచ్చు. మన సంఘం మీటింగులో మైకు రెండున్నర గంటలు నాయకుల చేతిలో ఉంటుంది, చివర్లో వందన సమర్పణకు ఒక అమ్మాయిని పిలుస్తాం. పిల్లలు నలుగురిలో లేచి మాట్లాడటం నేర్చుకోవాలి, ఇంగ్లీషు నేర్చుకోవాలి. అంబేద్కర్ ఇంగ్లీషు నేర్చింది కంపెనీ సంస్కృతిలో ఇమడటానికి కాదు, నిలదీయడానికి. వచ్చే నెల నుంచి మా మండలంలో ప్రతి ఆదివారం పల్లె కమ్యూనిటీ హాల్లో ఇంటర్వ్యూ కూర్చోబెట్టి అలవాటు చేద్దామనుకున్నాం. ప్రశ్నలడిగే కుర్చీలో కూడా పిల్లలే కూర్చుంటారు. చేతనైన ఉద్యోగస్తులు వచ్చి సాయం చేయండి.

ఇలాంటి రిపోర్టులు మీ ఇళ్లలో ఉంటే పేరు కొట్టేసి జెరాక్సు మాకు పంపండి. ఏ ఉద్యోగానికి పోతే ఇచ్చారో, రాతపరీక్షలో ఎన్ని వచ్చాయో వెనక రాయండి. యాభై పోగైతే పక్కపక్కన పెట్టి చూద్దాం, ఏ పల్లెల పిల్లలకు ఏ మాట మళ్లీ మళ్లీ రాస్తున్నారో.

మావాడు కంపెనీకి ఉత్తరం రాశాడు, ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడానికి కలివిడితనం ఎంత కావాలో తెలపగలరు అని. ఇరవై రోజులైంది, జవాబు లేదు. ఈ సోమవారం రెండోది రిజిస్టరు పోస్టులో పంపుతున్నాడు.